వేలితో విప్పే పటం

ఒకే పోస్టులో వరుసగా అమర్చిన బొమ్మలను చూసేవారు వేలితో పక్కకు జరుపుకుంటూ ఒకదాని తరువాత ఒకటిగా చదివే ఏర్పాటును సామాజిక మాధ్యమాల పరిభాషలో కారొసెల్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు రంగులరాట్నం అని అర్థం. గుండ్రటి పళ్లెంలో 80 స్లైడ్లను నిలువుగా పేర్చి, ఒక్కొక్కదాన్నే దీపం ముందుకు జారవిడిచే ప్రొజెక్టరుకు 1960ల ఆరంభంలో కొడాక్ సంస్థ ఇదే పేరు పెట్టింది. ఫోను తెర మీద జరిగేదీ దాదాపు అదే, కాకపోతే మీట నొక్కుతూ పక్కన నిలబడి వివరించే ఉపన్యాసకుడు ఇక్కడ ఉండడు. ఇన్‌స్టాగ్రామ్ 2017 ఫిబ్రవరిలో ఒక పోస్టులో 10 వరకు ఫొటోలను, వీడియోలను కలిపి పెట్టుకునే వీలు కల్పించి, 2024 ఆగస్టులో ఆ పరిమితిని 20కి పెంచింది. ఈ మధ్యకాలంలోనే, ముఖ్యంగా 2022 నుంచి, మాటల్లో అడిగితే బొమ్మ గీసి ఇచ్చే కృత్రిమ మేధ పరికరాలు అందరికీ అందుబాటులోకి రావడంతో, చిత్రకారుడు, రచయిత, పేజీ డిజైనరు కలిసి చేయవలసిన పనిని ఒక్క మనిషి ఒక్క సాయంత్రంలో ముగించగలిగే పరిస్థితి ఏర్పడింది. అయితే అలా ముగిసిన పోస్టుల్లో చాలావాటిని రెండో స్లైడు దాటి ఎవరూ చూడరు. ఎందుకు చూడరో తెలియాలంటే, యంత్రం బొమ్మను ఎలా గీస్తుందో, బొమ్మల వరుస దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతుందో విడివిడిగా పరిశీలించాలి.

వరుస బొమ్మలతో కథ చెప్పడం తెలుగు నేలకు కొత్త విద్య కాదు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి గీసిన పొడవాటి పటాలను ఊరూరా తిరిగే కథకులు చుట్ట విప్పుతూ, ఒక్కొక్క గడినే చూపిస్తూ, పాటతో మాటతో కథ నడిపేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగల వారు ఇలా పటం చేతబట్టి బతికినవారే. పటం ఎంత పొడవున్నా నేపథ్యం ఎర్రగానే సాగుతుంది. ఒక పాత్ర ఒంటిరంగూ ఆభరణాలూ మొదటి గడిలో ఎలా ఉన్నాయో చివరి గడిలోనూ అలాగే ఉంటాయి కనుక, చదువు రాని ప్రేక్షకుడు సైతం ఎవరు ఎవరో పోల్చుకోవడానికి తడుముకోడు. గడికీ గడికీ మధ్య మిగిలిన ఖాళీని కథకుడి గొంతు పూడ్చేది. కారొసెల్‌లో ఆ గొంతు లేదు కాబట్టి, ఒక స్లైడుకూ తరువాతి స్లైడుకూ ఉన్న సంబంధాన్ని కూడా బొమ్మే, దాని మీది నాలుగు మాటలే మోయవలసి వస్తుంది. నేటి యంత్రాలకు గడి గీయడం బాగా వచ్చు, గడుల మధ్య ఖాళీ సంగతే అంతగా పట్టదు.

ఇవాళ వాడుకలో ఉన్న బొమ్మల పరికరాల్లో చాలావాటికి మూలం డిఫ్యూజన్ మోడల్, అంటే వ్యాపన నమూనా. 2015లో మొలకెత్తిన ఈ ఆలోచనను 2020లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు జొనాథన్ హో, అజయ్ జైన్, పీటర్ అబీల్ స్పష్టమైన బొమ్మలు వచ్చేంతగా మెరుగుపరిచారు. ఒక మంచి ఫొటో మీద మెట్టు మెట్టుగా గరుకు చుక్కలు చల్లుకుంటూ పోతే, చివరికి అది సిగ్నల్ అందని పాత టీవీ తెరలా మారిపోతుంది. ఒక్కొక్క మెట్టులో చల్లిన చుక్కలు ఏవో గుర్తుపట్టడం కోట్లాది బొమ్మల మీద నేర్పిస్తే, ఆ నేర్పుతోనే యంత్రం ఈ ప్రయాణాన్ని వెనక్కు నడిపి, ఉత్త చుక్కల తెరతో మొదలుపెట్టి, వాటిని కొద్దికొద్దిగా తొలగిస్తూ, అంతకుముందు ఎక్కడా లేని బొమ్మను తేల్చుతుంది. ఏ బొమ్మ తేలాలో చెప్పేది ప్రాంప్టు, అంటే వాడుకరి రాసిచ్చే వర్ణన. మాటలకూ బొమ్మలకూ పొత్తు కుదిర్చే క్లిప్ అనే నమూనాను ఓపెన్ఏఐ సంస్థ 2021 జనవరిలో, 40 కోట్ల బొమ్మ-వ్యాఖ్య జతలతో శిక్షణ ఇచ్చి వెలువరించింది. 2022 ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ ఇంకొక పొదుపు నేర్చింది: 512 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు గల రంగుల బొమ్మలోని 7,86,432 సంఖ్యలతో నేరుగా కుస్తీ పట్టకుండా, వాటిని 16,384 సంఖ్యల సంక్షిప్త రూపంలోకి కుదించి అక్కడే చుక్కలు ఏరి, చివర్లో మాత్రమే పూర్తి బొమ్మగా విప్పుతుంది. పని 48వ వంతు సంఖ్యల మీదే జరుగుతుంది కనుక, ఖరీదైన ప్రయోగశాలల అవసరం లేకుండా ఇంటి కంప్యూటరులోనూ బొమ్మలు పుట్టసాగాయి.

ఈ వివరణలోనే వరుస బొమ్మల చిక్కు దాగి ఉంది. ప్రతి బొమ్మా కొత్త చుక్కల తెరతో మొదలవుతుంది. ఆ చుక్కల అమరికను నిర్ణయించే సంఖ్యను సీడ్, అంటే విత్తు అంటారు. విత్తు మారితే అదే ప్రాంప్టుకు వేరే బొమ్మ వస్తుంది, విత్తు మార్చకుండా ప్రాంప్టులో నాలుగు మాటలు మార్చినా బొమ్మ రూపురేఖలు కదిలిపోతాయి. మొదటి స్లైడులో పసుపు చీర కట్టుకున్న అవ్వ రెండో స్లైడులో ముక్కుపుడక పోగొట్టుకోవడం, మూడో స్లైడులో పదేళ్లు చిన్నదైపోవడం ఇందువల్లనే. యంత్రం ఆ అవ్వను మరిచిపోయిందనడం కూడా సరికాదు, అసలు ఆమెను గుర్తుపెట్టుకోవడం ఎన్నడూ దాని పనిలో భాగం కాలేదు.

దీనికి విరుగుడుగా కొన్ని మార్గాలు వచ్చాయి. 2022లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన డ్రీమ్‌బూత్ పద్ధతి, ఒక మనిషి లేదా వస్తువు ఫొటోలు మూడు నుంచి ఐదు ఇస్తే చాలు, నమూనాకు ఆ ఒక్క రూపాన్ని ప్రత్యేకంగా నేర్పుతుంది. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు భాషా నమూనాల కోసం రూపొందించిన లోరా పద్ధతి, నమూనా మొత్తాన్ని కదపకుండా పక్కన చిన్న సవరణ పొరను మాత్రమే చేరుస్తుంది కాబట్టి, చిత్రకళా శైలులను నేర్పడానికి బొమ్మల రంగంలోనూ స్థిరపడింది. వీటి కోసం సాంకేతిక కసరత్తు ఎంతో కొంత తప్పదు. 2025 మార్చిలో చాట్‌జీపీటీలో చేరిన జీపీటీ-4ఓ బొమ్మల సౌకర్యం, అదే ఏడాది ఆగస్టులో గూగుల్ తెచ్చిన, నానో బనానా అనే ముద్దుపేరుతో ప్రచారమైన జెమిని బొమ్మల నమూనా, అంతకుముందు గీసిన బొమ్మను సంభాషణలో భాగంగా చూస్తూ తరువాతి బొమ్మ గీస్తాయి గనుక, మామూలు వాడుకరికి ఇవే దగ్గరి దారి. అయినా ప్రతి స్లైడుకూ అంతకుముందరి స్లైడును నమూనాగా ఇవ్వడం కంటే, మొట్టమొదటి బొమ్మనే ప్రతిసారీ ఇవ్వడం మేలు; లేకపోతే నకలుకు నకలు తీసినప్పుడు జరిగినట్టే చిన్న చిన్న తేడాలు పోగై, ఎనిమిదో స్లైడుకు వచ్చేసరికి మనిషే మారిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. కొండపల్లి బొమ్మ ఎలా తయారవుతుందో ఎనిమిది స్లైడుల్లో తెలుగులో చెప్పాలనుకుందాం. తెల్ల పొణికి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి చెమ్మ పోగొట్టడం, భాగాలను వేరువేరుగా చెక్కడం, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి రూపం దిద్దడం, సున్నం పూత పూయడం, చివరికి రంగులు వేయడం అనేవి ఇందులోని మెట్లు. మొదటి పని భాషా నమూనాతో, అంటే ముందున్న మాటలను బట్టి తరువాతి మాటను అంచనా కట్టుకుంటూ పోయే యంత్రంతో. విషయాన్ని ఎనిమిది గడుల పట్టికగా విడగొట్టి, గడికి పన్నెండు మాటలకు మించని వాక్యం ఇవ్వమంటే అది చకచకా ఇస్తుంది. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. అంచనాయే దాని స్వభావం కాబట్టి, పొణికి అని రాయవలసిన చోట కొయ్యబొమ్మలకు ఎక్కువగా వినిపించే టేకు పేరు రాసినా, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి లక్క రంగులద్దే వేరొక విద్యను ఇందులో కలిపేసినా దానికి తప్పుగా తోచదు. అందుచేత ప్రతి గడినీ విషయం తెలిసినవారు సరిచూడడం తప్పనిసరి. రెండో ప్రమాదం భాషది. ఇంగ్లీషు పోస్టుల మూసలో పెరిగిన యంత్రం తెలుగులోనూ ‘మీకు తెలుసా?’తో మొదలుపెట్టి ‘మరి మీరేమంటారు?’తో ముగిస్తుంది. ఈ రెంటినీ కొట్టివేయడమే సంపాదకుడి మొదటి పని అనిపించేంతగా అవి తెలుగు తెరలను ముంచెత్తాయి.

ఇక గడుల పంపకం. తయారీ మెట్లను ఉన్నవి ఉన్నట్టు ఎనిమిదిగా పేర్చితే అది పాఠ్యపుస్తకం పేజీ అవుతుంది. అంబారీ ఏనుగు బొమ్మ తొండం ఒక్కటే తెర నిండా కనిపించేలా మొదటి స్లైడు ఉంచి, ఇది ఎన్ని ముక్కల అతుకో పోల్చమన్నట్టు ఒక్క వాక్యం రాసి, ఆ పూర్తి ఏనుగును చివరి స్లైడు దాకా దాచిపెడితే చూసేవారి వేలికి ఒక పని దొరుకుతుంది. మక్కు పెట్టే దశకు రెండు స్లైడులు ఇవ్వవచ్చు, ఎందుకంటే విడి ముక్కలు ఒక జంతువుగా మారేది అక్కడే. సున్నం పూతకు అర స్లైడు చాలు. ఏ గడి సాగాలో ఏ గడి కుంచించుకోవాలో భాషా నమూనా తనంతట చెప్పదు, అది అన్ని మెట్లకూ సమానంగా వడ్డిస్తుంది.

ఈ పోస్టులో బొమ్మల నమూనాకు ఎంత చోటివ్వాలన్నది వేరే ప్రశ్న. శిక్షణలో కొండపల్లి ఫొటోలు కొద్దిగానే ఎదురైన నమూనా, ఆ పేరు వినగానే భారతీయ కొయ్యబొమ్మ అనే సగటు భావన ఒకటి పట్టుకొని, ఎక్కడా లేని బొమ్మను నమ్మకంగా గీసి ఇచ్చే అవకాశం ఎక్కువ. తయారీని సాక్ష్యంగా చూపే స్లైడుల్లో నిజమైన ఫొటోలే ఉండాలి. ఫొటోలో ఎంచుకున్న కొంత భాగాన్ని మాత్రమే చెరిపి కొత్తగా నింపే ఇన్‌పెయింటింగ్, ఫొటో అంచులను దాటి దృశ్యాన్ని పెంచే అవుట్‌పెయింటింగ్ అనే ఉపాయాలతో వెనుక ఉన్న చిందరవందరను తీసివేయడానికి, అన్ని స్లైడులకూ ఒకే రంగు నేపథ్యం పరచడానికి, కంటికి కనపడని పొణికి కర్ర లోపలి చెమ్మ వంటి సంగతిని రేఖాచిత్రంగా చూపడానికి యంత్రాన్ని వాడుకుంటే అది చేర్యాల పటంలోని ఎర్ర రంగు చేసిన పనే చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు తెలుగు అక్షరాలతో వస్తుంది. బొమ్మలోనే అక్షరాలను కూడా గీయమని అడిగినప్పుడు, నమూనా వాటిని రాయదు, అక్షరాల్లా కనిపించే ఆకారాలను చిత్రిస్తుంది. ఇంగ్లీషుకు ఉన్నవి 26 అక్షరాలు, అవి ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. తెలుగులో హల్లు నడుమ ఉంటే గుడి పైకి, వత్తు కిందికి, కొమ్ము పక్కకు చేరి వేల కూడికలు ఏర్పడతాయి. యూనికోడ్, అంటే ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన ప్రమాణం, తెలుగుకు 128 గళ్లు ఇచ్చింది; స్త్రీ అనే ఒక్క అక్షరాన్ని కంప్యూటరు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే ఆరు సంకేతాలుగా, ఒక్కొక్కటి మూడేసి బైట్ల చొప్పున 18 బైట్లుగా దాచుకుంటుంది. క్లిప్ వంటి నమూనా ప్రాంప్టులో 77 ముక్కలను మాత్రమే స్వీకరిస్తుంది కాబట్టి, బైట్లుగా చిట్లిపోయే తెలుగు వాక్యం ఆ చోటును చూస్తుండగానే నింపేస్తుంది. కొత్త నమూనాలు ఈ విషయంలో చాలా మెరుగుపడ్డాయి, పొట్టి శీర్షికలను తప్పు లేకుండా గీయడం అరుదేమీ కాదు. అయినా నాలుగు వాక్యాల స్లైడులో ఒక వత్తు జారిపోతే అది వెంటనే కంటికి ఆనదు, ఆనే సమయానికి పోస్టు వందలమందికి చేరి ఉంటుంది. గీసే యంత్రాన్ని మాత్రమే తప్పు పట్టనక్కరలేదు: 2018 ఫిబ్రవరిలో జకారం, ఞ వత్తు, దీర్ఘం ఒక కనిపించని చిహ్నంతో కలిసి వచ్చిన ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలోని సందేశాల యాప్‌లను మూయించివేయగా, ఐఓఎస్ 11.2.6 సవరణతో ఆపిల్ సంస్థ దాన్ని చక్కదిద్దవలసి వచ్చింది. ఆ అక్షరం విజ్ఞానం అనే మాటలోనిదే కావడం కొసమెరుపు.

అందువల్ల బొమ్మను యంత్రం చేత గీయించి, అక్షరాలను దాని మీద వేరే పొరగా ఫాంటుతో కూర్చడమే సురక్షితమైన దారి. ఫాంటు అంటే అక్షర రూపాల పెట్టె అయితే, ఏ వత్తు ఏ హల్లు కింద ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టి అమర్చే పనిని షేపింగ్ అంటారు. ఈ రెండూ సరిగా పనిచేసే చోట అక్షరం చెడదు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వెలువడిన రామభద్ర, మండలి, సురవరం వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగా లభిస్తున్నాయి. శీర్షికకు రామభద్ర వంటి బొద్దు అక్షరం, వివరణకు మండలి వంటి సాదా అక్షరం పెట్టుకుంటే రెండు ఫాంట్లతోనే పోస్టు అంతా గడిచిపోతుంది. తెలుగు రాష్ట్రాల ఫ్లెక్సీ దుకాణాల్లోనూ పత్రికా కార్యాలయాల్లోనూ దశాబ్దాలుగా రాజ్యమేలిన అను ఫాంట్లు అందంగా ఉన్నా, వాటి పాత పద్ధతిలో కూర్చిన పాఠం యూనికోడ్ కాకపోవడంతో దాన్ని ఈ పరికరాల్లో నేరుగా అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు దర్శనమిస్తాయి, ముందుగా మార్పిడి చేసుకోక తప్పదు. ఆస్ట్రేలియాలో 2013లో మొదలైన కాన్వా వంటి డిజైను వేదికల్లో, భాషా నమూనా ఇచ్చిన ఎనిమిది వరుసల పట్టికను ఒక మూస పేజీకి జోడిస్తే, వాక్యాలు వాటంతట అవే ఆయా స్లైడుల్లోకి వెళ్లి కూర్చునే సౌకర్యం కూడా ఉంది. తెలుగు పంక్తుల మధ్య ఎడం మాత్రం ఇంగ్లీషు కంటే ఎక్కువ ఉంచాలి, లేకపోతే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుళ్లను గుద్దుకుంటాయి.

కొలతల విషయంలో ఒక చిన్న లెక్క చాలామందిని ఆదుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో నిలువు బొమ్మకు ఎక్కువగా వాడే కొలత 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 పిక్సెళ్ల ఎత్తు. మామూలు ఫోను తెర వెడల్పు దాదాపు 6.8 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక పిక్సెలు 0.063 మిల్లీమీటర్ల చోటు తీసుకుంటుంది. అచ్చులో హాయిగా చదవదగిన 10 పాయింట్ల అక్షరం మూడున్నర మిల్లీమీటర్ల కొలతది. ఆ హాయి ఫోనులోనూ దక్కాలంటే అక్షరం 56 పిక్సెళ్లకు తగ్గకూడదన్నమాట. కంప్యూటరు పెద్ద తెర మీద కూర్చుని డిజైను చేసేవారు 30 పిక్సెళ్ల అక్షరాలతో పేరాలు నింపి, జనం చదవడం లేదని వాపోవడం వెనుక ఉన్నది ఈ లెక్క తప్పడమే. 2025 జనవరి నుంచి ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పేజీలో గళ్లు మూడుకు నాలుగు నిష్పత్తికి మారినందున, పై కొలత బొమ్మకు అక్కడ ఇరువైపులా దాదాపు 34 పిక్సెళ్లు కత్తిరింపుకు పోతాయి. మొదటి స్లైడు శీర్షికను ఆ మేరకు లోపలికి జరపాలి. ఎనిమిది స్లైడులను విడివిడిగా కాక 8640 పిక్సెళ్ల వెడల్పు గల ఒకే పొడవాటి పటంగా గీసి, తరువాత ఎనిమిది సమభాగాలుగా కోయడం మరొక పద్ధతి. ఏనుగు తొండం ఒక స్లైడు అంచులో తెగి తరువాతి స్లైడులో కొనసాగితే, ఇంకా ఉందని చెప్పడానికి బాణం గుర్తు అక్కరలేదు.

ఒకసారి జరపకుండా దాటిపోయినవారికి అదే పోస్టును తరువాతి స్లైడుతో మళ్లీ చూపించే ఏర్పాటు ఉందని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి బహిరంగంగానే వివరించారు. అంటే కొందరికి రెండో స్లైడే మొదటిది అవుతుంది, అది మొదటి స్లైడు మీద పూర్తిగా ఆధారపడితే అక్కడే పోస్టు ఓడిపోతుంది.

యంత్రం గీసిన బొమ్మ అని తెలియజెప్పే బాధ్యత కూడా ఈ వరుసలో ఒక చిక్కుముడే. అడోబి, మైక్రోసాఫ్ట్, బీబీసీ తదితర సంస్థలు 2021లో కలిసి స్థాపించిన సీ2పీఏ కూటమి, బొమ్మ పుట్టుక వివరాలను ఫైలులోనే సంతకంలా పొందుపరిచే ప్రమాణాన్ని రూపొందించింది. గూగుల్ డీప్‌మైండ్ 2023 ఆగస్టులో ప్రకటించిన సింథ్ఐడీ, కంటికి కనిపించని గుర్తును పిక్సెళ్లలోనే నేస్తుంది. యంత్రం సృష్టించిన దృశ్యాల మీద కనీసం పదో వంతు మేర కనిపించేలా ముద్ర ఉండాలని భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2025 అక్టోబరులో ఒక ముసాయిదాలో ప్రతిపాదించింది. ఫైలులో దాచిన సంతకం స్క్రీన్‌షాట్ తీయగానే రాలిపోతుంది. తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులకు కారొసెల్ సాధారణంగా చేరేది ఆ రూపంలోనే: ఎనిమిదింటిలో నచ్చిన ఒక్క స్లైడు, ముందు వెనుకలు లేకుండా, చివరి స్లైడులో రాసిన ‘ఇది ఊహాచిత్రం’ అన్న వివరణ లేకుండా. అందుకే జాగ్రత్తపరులైన డిజైనర్లు ఆ మాటను, విషయం ఎక్కడిదో చెప్పే పంక్తిని, ఎనిమిదిలో ఎన్నోదో తెలిపే అంకెను ప్రతి స్లైడు అడుగునా వేస్తారు. చేర్యాల నకాషీలు కూడా పటం కథలు వినేవారు తగ్గిపోయాక, ఒక్కొక్క గడినే విడి బొమ్మగా గీసి, చట్రం కట్టి గోడకు తగిలించుకోవడానికి అమ్ముతున్నారు; నగరంలోని ఒక ఇంటి గోడ మీద ఎర్రటి నేపథ్యంలో నిలబడిన ఆ రుషి ఎవరో, అతను ఎవరితో మాట్లాడుతున్నాడో, కొనుక్కున్నవారికి చెప్పడానికి పక్కన కూనపులి కథకుడు లేడు.